ఒక కాలు బరువు, ఒక కాలు తేలిక

పాటల టీచరు ఆ బడిలో చేరిన కొత్తలో, ఆమె ఒక్క గెంతు గెంతితే కింది అంతస్తు లెక్కల క్లాసులో బోర్డు మీది సున్నాలు రాలిపడేవని వాచ్‌మన్ చెప్పేవాడు. అతని మాటల్లో సగానికి సగం కొట్టేయాలి. మిగిలిన సగం మాత్రం నిజమే. పాట ముందు కాళ్ళకు రావాలి, ఆ తర్వాతే గొంతుకు వస్తుందని ఆమె పట్టుదల. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి పాడిస్తే నోళ్ళు ఆడతాయి గాని ఒళ్ళు నిద్రపోతుందనేది. అందుకే చిన్న డప్పు పట్టుకుని మేడ మీది హాలంతా తిప్పేది. డప్పు నెమ్మదిస్తే అందరూ ఏనుగులు, జోరందుకుంటే కుందేళ్ళు, ఆగిపోతే రాతిబొమ్మలు. కదిలినవాళ్ళు ఔట్.

ఇదంతా మోకాలు మొరాయించక ముందు మాట. ఇప్పుడామె కుడికాలు మెట్ల దగ్గరకు రాగానే, బడికి పోనని మారాం చేసే పిల్లాడిలా అక్కడే ఆగిపోతోంది. సాయంత్రం ఇంటికి చేరాక చెప్పులు విప్పుకునే ఓపిక కూడా ఉండటం లేదు.

"ఏమే, కాస్త నూనె చుక్క వెయ్యనా? గోడ గడియారం కన్నా నీ మోకాలే ఎక్కువ చప్పుడు చేస్తోంది," అన్నాడు గడియారాలు బాగుచేసే భర్త, భూతద్దం కంట్లోంచి తియ్యకుండానే.

"ఆ నూనె మీ నోటికి రాసుకోండి. కాస్త తిన్నగా తిరుగుతుంది."

"పెద్ద మేడమ్‌కి చెప్పెయ్యరాదూ? కుర్చీ వేయిస్తుంది."

"కుర్చీ వేయించదు. క్లాసే తీసేస్తుంది."

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. ఆటపాటల క్లాసు పిల్లలతో సమానంగా గెంతగలిగినవాళ్ళే తీసుకోవాలని, లేకపోతే డ్రిల్లు మాస్టారికి ఇచ్చేద్దామని పెద్ద మేడమ్ అనేసింది. శుక్రవారం తనే వచ్చి చూస్తానంది. క్లాసు పోతే టీచరు ఆఫీసు గదిలో కూర్చుని ఫైళ్ళు సర్దుకోవాలి. ఆ గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు తప్ప మరో తాళం ఉండదు.

అందుకని మోకాలిని దాచింది. గెంతాల్సిన చోట చప్పట్లు కొట్టేది. పిల్లల ముందు నడిచి చూపించేటప్పుడు ఎడమకాలు దిట్టంగా మోపి, కుడికాలిని దొంగచాటుగా ఈడ్చుకొచ్చేది. చేతిలో డప్పు కూడా ఆ కాళ్ళ వెంటే ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెల్లగా మోగేది. పిల్లలు వెనకాల వచ్చేవాళ్ళు. వెనక ఏం జరుగుతోందో ముందు నడిచేవాళ్ళకేం తెలుస్తుంది?

శుక్రవారం మెట్ల దగ్గర డ్రిల్లు మాస్టారు ఎదురయ్యాడు.

"ఏమక్కా, నిన్న నువ్వెక్కుతుంటే మెట్లే అయ్యో అన్నాయట?"

"నీ విజిల్ వినలేక అనుంటాయి, తమ్ముడూ."

అయితే హాల్లోకి వెళ్ళాక ఆ తెగువ నిలవలేదు. పెద్ద మేడమ్ కుర్చీలో కూర్చుంది. పక్కన డ్రిల్లు మాస్టారు. నడిస్తే దొరికిపోతానని టీచరు కిటికీకి ఆనుకుని నిలబడి, "ఇవాళ నేను కొడతాను, మీరే నడవండర్రా," అంది.

డప్పు మోగింది. ముందు బయలుదేరింది చిట్టెలుక. ఆ క్లాసులో అందరికన్నా పొట్టి పిల్ల, మొన్న మొన్నటిదాకా తాళానికీ తనకూ చుట్టరికమే లేనిది. ఎడమకాలు ధబ్బున వేసింది, కుడికాలు ఈడ్చింది. దాని వెనక పిల్లలందరూ అంతే. క్లాసు క్లాసంతా ఒక్క లయలో కుంటుతూ హాలు చుట్టూ తిరిగింది.

తన నడకను టీచరు మొదటిసారి ఎదురుగా చూసింది. చెయ్యి ఆగిపోయింది. పిల్లలు రాతిబొమ్మలైపోయారు.

"ఏమిటర్రా ఇది? అందరికీ ఒకేసారి కాళ్ళు బెణికాయా?" అంది పెద్ద మేడమ్.

"ఇది పాట నడక మేడమ్," అంది చిట్టెలుక, కదిలితే ఔటని పెదాలు మాత్రమే ఆడిస్తూ. "ఒక కాలు బరువు, ఒక కాలు తేలిక. టీచర్ రోజూ ఇలాగే నడుస్తుంది. మెట్ల మీదైతే పాట కూడా పాడుతుంది. అమ్మా... అయ్యో... అని."

పెద్ద మేడమ్ కిటికీ వైపు తిరిగింది. "మోకాలా?"

"మోకాలే." దాచడానికి ఇంకేం మిగల్లేదు.

"నాకివ్వండి మేడమ్, రెండు నిమిషాల్లో తిన్నగా చేసేస్తా," అని డ్రిల్లు మాస్టారు లేచి విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. పిల్లలు నాలుగడుగులు సైనికుల్లా నడిచారు. ఐదో అడుగుకు ఎడమకాలు మళ్ళీ బరువెక్కింది. ఇంకాసేపటికి విజిలే ఒకసారి పొడుగ్గా, ఒకసారి పొట్టిగా కూయసాగింది. మాస్టారి భుజం కూడా ఒకవైపు ఒరిగింది.

"మీరు కూర్చోండి మాస్టారూ, మీకూ అంటుకుంది," అంది పెద్ద మేడమ్. నవ్వాపుకుని టీచరుతో, "ఒక్కళ్ళు కూడా తాళం తప్పలేదు. అది చాల్లెండి. కుర్చీ వేయిస్తాను, కూర్చుని కొట్టండి. గెంతడం వాళ్ళే గెంతుతారు. తిన్నగా నడవడం కూడా నేర్పండి మరి, లేకపోతే వీళ్ళ అమ్మలు నా మీద పడతారు," అంది.

సాయంత్రం ఆమె ఇంటి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"క్లాసు పోయిందా, మిగిలిందా?" అన్నాడు భర్త.

"మిగిలింది. కుర్చీ కూడా ఇచ్చారు."

"మరి ఆ మొహం ఏమిటి?"

"హాలు మేడ మీదుందండీ," అంది ఆమె, చెప్పులు విప్పకుండానే కూలబడి. "కుర్చీ దాకా ఎక్కాలిగా."