కాల్చని కప్పు

మా అక్క మట్టిని సరిగ్గా పిసికిన పాపాన పోలేదు. చపాతీ పిండీ అంతే, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

కోకాపేటలో శనివారాలు జరిగే కుండల క్లాసుకు నన్ను లాక్కెళ్లింది తనే. "కీబోర్డు కాకుండా ఇంగేదన్నా ముట్టుకుందాం రావే" అంది. తీరా వెళ్లాక తను వదలనిది ఫోనే. చెవిలో ఇయర్‌ఫోన్, అవతల క్లయింటు, ఒక చేతిలో మట్టి, ఇంకో చెయ్యి మ్యూట్ బటన్ మీద. మాకు నేర్పే అమ్మాయి పక్కనే నిలబడి ఓపిగ్గా చెప్పేది: "మేడమ్, జర రెండు చేతులతోని పిసకండి. లోపల గాలి ఉంటే భట్టిల పగుల్తది."

అక్క బుద్ధిగా తలూపేది. కుండలు కాల్చే ఆ భట్టీ తెరిచిన రోజు తన కప్పు పెంకులై కనిపించేది. ఒకసారి పక్కనున్న నా గిన్నె అంచును కూడా ఎగరగొట్టింది. నాకు ఒళ్లు మండిపోయింది. "పోతే పోయిందిలేవే, ఇంగోటి చేసుకుందువు" అని అక్క నవ్వింది.

ఒక శనివారం నాకు జ్వరమొచ్చి వెళ్లలేదు. అక్క ఒక్కతే వెళ్లి, నీళ్లు తాగే కప్పు చేసి, ఆరబెట్టి వచ్చింది. ఆ వారంలోనే గచ్చిబౌలిలో ఆఫీసులో, తలనొప్పిగా ఉందని టేబుల్ మీద తల వాల్చింది. మళ్లీ ఎత్తలేదు. మెదడులో నరం చిట్లిందన్నారు.

నాలుగైదు రోజులకు క్లాసు అమ్మాయి ఫోన్ చేసింది. కప్పు ఆరిందట. "ఈసారి మంచిగనే ఉన్నట్టుంది మేడమ్. భట్టిల పెట్టమంటరా?"

ఆ అమ్మాయి ప్రతిసారీ అదే మాట అనేది, ప్రతిసారీ అక్క కప్పు పగిలేది. ఇది కూడా పగిలితే అక్క చేత్తో చేసినది ఇంకేదీ మిగలదు. వద్దు, పచ్చిదే ఇచ్చేయమన్నాను. ఆటోలో ఒళ్లో పెట్టుకుని, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ డ్రైవర్‌ను విసుక్కుంటూ, తెల్లాపూర్‌లో అక్కా వాళ్ల ఫ్లాట్‌కు తెచ్చి ఫోటో పక్కన పెట్టాను.

బావ రోజూ ఫోటో ముందు స్టీలు గ్లాసుతో నీళ్లు పెట్టేవాడు. ఆ రోజు నేను వంటింట్లో కాఫీ కలుపుతున్నాను. ఆయనకు ఏం తోచిందో, గ్లాసు పక్కన పెట్టి కప్పులో పోశాడు. కాల్చని మట్టి నీళ్లు తగిలితే మళ్లీ మట్టే. నేను హాల్లోకి వచ్చేసరికి అడుగు కరిగిపోయి, గోడ ఒక పక్క కూలి, బురద నీళ్లు బల్ల అంచు మీంచి కారుతున్నాయి. బావ రెండు చేతులూ దోసిలి పట్టి వాటిని ఆపుతున్నాడు.

"తను చేసుకున్న దాంట్లోనే తాగుతుందని పోసినా" అన్నాడు. "నాకేం తెలుసుమ్మా, కప్పంటే నీళ్లు పోసేదే కదా."

తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆ దోసిలి చూసి నాకూ ఏడుపు ఆగలేదు. ఇద్దరం కింద కూర్చుని తుడిచాం.

తడవని పై ముక్కలు కొన్ని మిగిలాయి. అతుకుతాయేమోనని ఆశ. గుడ్డలో చుట్టి, శనివారం క్లాసుకు పట్టుకెళ్లాను. ఆ అమ్మాయి ఒక ముక్కను విరిచి, విరిగిన అంచును కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసింది.

"ఇగ అతకదు మేడమ్" అంది. నా ముఖం చూడకుండా చెప్పింది: "లోపల ఒక్క బుడగ లేదు. ఆ రోజు మీ అక్క ఫోన్ బ్యాగులనే పెట్టి, రెండు చేతులతోని మస్తుసేపు పిసికిన్రు. భట్టిల పెడితే మంచిగ కాలుతుండె."

ముక్క అందుకుని నేనూ చూశాను. అంచంతా ఒకే తీరుగా, గట్టిగా ఉంది. ఎన్నడూ లేనిది, అక్క ఆ ఒక్కసారి మట్టిని సరిగ్గా పిసికింది. నేనే నమ్మలేదు.