నేనే కట్టుకున్న పసుపుకొమ్ము

దేవుణ్ణి మళ్లీ ఎప్పుడు నమ్మావని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. తెలిస్తే కదా చెప్పడానికి!

చిన్నప్పుడు మా అమ్మ వెంట బోనమెత్తినదాన్నే. ఈడొచ్చాక ఎర్రజెండా సంఘం మీటింగులకు పోయి, దేవుడూ లేడు దయ్యమూ లేదని నేర్చుకున్నాను. మా పెళ్లి కూడా సూర్యాపేటలో సంఘం వాళ్ల మధ్యనే అయింది. మంత్రాలు చదివే అయ్యగారు లేడు, పుస్తె లేదు. దండలు మార్చుకున్నాం, అంతే. చివ్వెంల దగ్గర అత్తవారి ఊరికి కోడలిగా వెళ్తే, మా అత్త నా బోసి మెడ చూసి నెత్తి కొట్టుకుంది. "ఇదేం పెండ్లే తల్లీ!" అంది. నేను మూఢనమ్మకాల గురించి ఆమెకు పెద్ద పాఠమే చెప్పాను. సగంలోనే ఆమె గొర్లకు నీళ్లు పెట్టడానికి లేచిపోయింది.

తర్వాత నిజాం పోలీసులు ఊళ్ల మీద పడి సంఘం వాళ్లను ఏరుకుపోయే రోజులొచ్చాయి. కోదాడ దాటితే సర్కారు వేరు, బతికిపోతానని మా ఆయన వెళ్లాడు. నెలలు గడిచినా కబురు లేదు. ఒకనాడు మిర్యాలగూడ నుంచి వచ్చిన బండివాడు, కోదాడ దగ్గర చివ్వెంల వైపు మనిషినొకణ్ణి కాల్చి చంపారని చెప్పి ఎడ్లు తోలుకుపోయాడు. పేరు తెలియదట.

కాసేపటికే వాకిలి నిండా ఆడవాళ్లు. ఏడ్చేవాళ్లు ఏడుస్తుంటే, ఒక ముసలామె నా మెడకేసి చూసి, "పుస్తెనే లేకపాయె, ఇగ తెంపేదేముంది?" అంది.

మా అత్త ఉరికొచ్చింది. "నా కొడుకు సచ్చిండని ఎవడు సూసిండే? లేవున్రి, నా వాకిట్ల నుంచి లేవున్రి!" అని అందరినీ తరిమేసి, గడప మీద కూలబడింది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముసలామె మీదనా, పోలీసుల మీదనా, నన్ను వదిలిపోయిన ఆయన మీదనా, ఏమో.

వంటింట్లో పసుపుకొమ్ము తీసుకుని, దారానికి కట్టి, ఊరి చివర ముత్యాలమ్మ గద్దె దగ్గరికి పోయాను. దండం పెట్టడానికి చేతులు లేవలేదు. "నువ్వున్నవో లేవో నాకు తెల్వదు. ఉంటే మాత్రం ఆయన్ని పానంతోని ఇంటికి తోలు" అని మొండిగా అనేసి, ఆ దారం నా మెడలో నేనే కట్టుకున్నాను. అమ్మవారి కోసం కట్టుకున్నానో, ముసలిదాని నోరు మూయించడానికి కట్టుకున్నానో ఈనాటికీ అర్థం కాదు.

ఆ తర్వాత రోజూ వెళ్లి గద్దె మీద నీళ్లు పోసేదాన్ని. వచ్చేటప్పుడు దారంతా నన్ను నేనే తిట్టుకునేదాన్ని. సంఘం వాళ్లెవరైనా చూస్తారేమోనని కొంగు నిండుగా కప్పుకునేదాన్ని. ఇదేం పిచ్చి, ఇక పోనని ఒకనాడు ఇంట్లోనే కూర్చున్నాను. ముద్ద దిగలేదు. మళ్లీ చెంబు పట్టుకున్నాను.

ఆయన ఒకరోజు మిట్టమధ్యాహ్నం వచ్చాడు, గడ్డం మాసి, ఎముకల గూడై. కోదాడ దాకా పోనేలేదట. నేరేడుచర్లలో ఎవరిదో పశువుల కొట్టంలో చలిజ్వరంతో పడి ఉన్నాడట. మా అత్త కొడుకును పట్టుకుని ఏడ్చి ఏడ్చి, గంజి కాచడానికి లోపలికి పోయింది. అప్పుడు ఆయన చూపు నా మెడ మీద పడింది.

"గిదేంది? అమ్మ కట్టిచ్చిందా?"

"నేను సెప్తె ఎన్నడన్న ఇన్నదారా అది?" అంది అత్త లోపలి నుంచే.

నేనే కట్టుకున్నానని చెప్పాను. బండివాడు తెచ్చిన చావు కబురూ, ముత్యాలమ్మ సంగతీ చెప్పాను. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. గోడకు ఆనుకుని నీరసంగా అడిగాడు: "మరి ఆ సచ్చినోని పెండ్లాం మొక్కలేదా? నేను రాకుంటే నీ అమ్మవారు లేనట్టేనా?"

నేను రోజూ వేసుకున్న ప్రశ్నే అది. ఉక్రోషం పట్టలేకపోయాను.

"నువ్వు రాకుంటే ఆ గద్దె కాడనే కూసొని ఆమెతోని కొట్లాడేదాన్ని. లేనిదానితోని ఎట్ల కొట్లాడుత?"

అరిచాక గానీ నేనేమన్నానో నాకు తెలియలేదు.