తిరిగొచ్చే బేరానికి మెట్ల వైద్యం

వరంగల్‌లో ఒక చీరల దుకాణంలో తెల్ల పరుపు మీద కూర్చుని చీరలు విప్పడం నా పని. విప్పడం ఎవరైనా విప్పుతారు. అసలు పని మర్నాడు ఉంటుంది. పెళ్లివారు గుట్టంత సరుకు చూసి, "ఇంకో నాలుగు దుకాణాలు తిరిగొస్తం" అని లేచిపోతారు. మర్నాడొచ్చి, "నిన్నటిది తియ్యి" అంటారు. రంగు చెప్పరు, అంచు చెప్పరు. ముందే పక్కన పెట్టి ఉంచామా, అమ్ముడుపోనిది అంటగడుతున్నామని అనుమానం. అందుకే చీర అరలోకే పోవాలి, గుర్తు నా బుర్రలో ఉండాలి.

యాభై దాటాక ఆ బుర్ర మొరాయించింది. ఒకావిడకు వేరే చీర తీసి, "ఇదేనమ్మా, రాత్రికి రాత్రి రంగు తేలింది" అని బుకాయించాను. ఆమె నవ్వలేదు, కొనలేదు. సేటు పక్కకు పిలిచాడు.

"ఏమనుకోకు అన్నా. ఇంకొక్క బేరం గిట్ల పోయిందనుకో, నువ్వు గేటు కాడ నిలబడు. వచ్చేటోళ్లను పిలువు."

గేటు అంటే రోజంతా ఎండలో నిలబడటం. అంతకంటే దిగులు, అక్కడ నా కథలు వినే తీరిక ఎవరికీ ఉండదు.

బిల్లు కౌంటర్ అమ్మాయి జాలిపడింది. "కాకా, ఫోన్ల చూసిన. ఏదన్న గుర్తుండాల్నంటే, అది చూసినంక జరసేపు ఎక్సర్‌సైజ్ చెయ్యాల్నట. ఆయాసం రావాలె, గంతే."

"ఆయాసానికేం తక్కువ బిడ్డా, కూసుంటేనే వస్తాంది."

"కూసుంటే వచ్చేది లెక్కల్లేదు. ఉరుకు."

ఉరకడానికి దుకాణంలో ఉన్నవి పై గోదాం మెట్లే. బేరం లేచిపోగానే గబగబా ఎక్కి దిగేవాణ్ణి. తోటి సేల్స్‌మెన్ ఊరుకుంటారా? "ఏందే, ఏడికి ఉరుకుతానవ్?" మతిమరుపుకు మందంటే నవ్విపోతారు. "పైన మూటల వెనుక నాగుపాము చేరింది. నేను దండం పెడితేనే ఊకుంటది" అన్నాను. రోజూ అడిగేవారు. రోజూ ఎక్కబోయే ముందు పామును కాస్త పెంచేవాణ్ణి. మెడ కింద తెల్ల మచ్చ పెట్టాను. ఒక కన్ను తీసేశాను.

దాంతో గోదాంలోకి పోవడం అందరూ మానేశారు. ఏ మూట కావాలన్నా, "నీ పామే కదా, నువ్వే పో" అనేవారు. సేటు ఒక శుక్రవారం పాముకు కొట్టమని నా చేతిలో కొబ్బరికాయ పెట్టాడు. సాయంత్రానికి మోకాళ్లు నావి కాకుండా పోయేవి.

గుర్తుండటం మాత్రం మొదలైంది. చీరలే అయితే బాగుండేది. "ఈయన కండ్లు తెరిసే నిద్రపోతాండు" లాంటి బేరానికొచ్చినవాళ్ల మాటలు కూడా అంటుకునేవి. ఇదివరకు అవన్నీ ఇంటికి పోయే బస్సు మడికొండ చేరేలోపే రాలిపోయేవి. ఇప్పుడు అన్నం దగ్గర కూడా పక్కనే కూర్చుంటున్నాయి. మరిచిపోవడం ఎంత హాయో, అది పోయాక తెలిసింది.

ఆ నిద్ర మాట అన్నది కేసముద్రం నుంచి పెళ్లికూతురితో వచ్చిన ముసలావిడ. మర్నాడు వాళ్లు తిరిగొచ్చారు. "నిన్నటిది తియ్యి" అన్నదామె. సేటు గల్లా దగ్గర నుంచి మెడ చాచాడు. నేను అర మధ్యలో చెయ్యిపెట్టి వంకాయ రంగు, సన్న అంచు చీర లాగాను. పిల్ల ముఖం విప్పారింది.

"మతి ఉన్నది నీకు!" అన్నది ముసలావిడ.

"నిద్రల గూడ ఉంటదవ్వా" అన్నాను.

వాళ్లు బిల్లు కట్టి వెళ్లాక సేటు, "గేటు మాట ఇడిచిపెట్టన్నా. పరుపు నీదే" అన్నాడు. ఊపిరి పీల్చుకోబోయాను. "గోదాం గూడ ఇగ నీదే. ఆ పాము ఇంకొకల మాట ఇనదాయె."

పరుపు నిలిచింది, మెట్లూ నిలిచాయి. మోకాళ్లు పట్టుకుని ఇప్పటికీ ఎక్కుతూనే ఉన్నాను. కానీ ఎక్కే ముందు చూసినవే కాదు, చెప్పినవీ గట్టిపడతాయని ఆ అమ్మాయి ఫోన్‌లో ఉన్నట్టు లేదు. ఆ ఒంటికన్ను, ఆ తెల్ల మచ్చ, ఇవాళ్టి చీరలకంటే స్పష్టంగా కళ్ల ముందుంటున్నాయి. ఈమధ్య గోదాం తలుపు తీసే ముందు రెండుసార్లు తట్టి, కాసేపు ఆగుతున్నాను.