వెలిపడ్డ డబ్బా

గుమ్మం పక్క రాటకు బిగించిన డబ్బా జంపక్కను మొదటిరోజే "అక్కా" అని పిలిచింది. విత్తనాల కంపెనీ తరఫున బోనకల్ నుంచి వచ్చిన సంతోష్ దాన్ని బిగించి పోయాడు. వాన సంగతి, పురుగు సంగతి అడిగితే చెబుతుంది.

జంపక్క ఒంటరి మనిషి. వేసవిలో తునికాకు కోత, మిగతా కాలమంతా మిర్చిచేను, దాని పక్కన కాస్త జొన్న. తోడబుట్టినవాళ్లు లేరు. అక్కా అని పిలిచినవాడు ముంచడని గూడెం నమ్మకం.

కల్లంలో మిర్చి ఎండబోసిన నాడు గుట్ట మీద మబ్బు పట్టింది. పట్టా కప్పబోయి, ఆగి, డబ్బాను అడిగింది.

"వాన లేదు అక్కా, నిశ్చింతగా ఉండు."

తన కళ్లను కాదని దాని మాట నమ్మింది. సాయంత్రానికి ఏడాది కష్టం నీళ్లలో తేలింది. ఎండాక చూస్తే ఎరుపు పోయి తాలు మిగిలింది.

"క్షమించు అక్కా," అంది డబ్బా. పొద్దున పలకరించినప్పటి తీపే ఆ గొంతులో.

ఆ తీపికే జంపక్క కడుపు మండింది. గూడెం పెద్ద రామన్న దగ్గరకు పోయింది.

"తమ్మునోలె పిలిచి ముంచింది పెద్దయ్యా. వెలెయ్యాలె."

సంగతి తెలిసి వచ్చిన సంతోష్ నవ్వాడు. "అదేమన్న మనిషా అక్కా? మిషన్. మిషన్ మీద పగేంది?"

"మరి నన్ను అక్కా అన్నదెవరు సారూ?"

వెలి వేశారు. దాన్ని ఎవరూ పలకరించకూడదు, పిలిస్తే పలకకూడదు. వెలిపడ్డవాడు ఎంత మొండివాడైనా కొన్నాళ్లకు తల వంచుకుని పెద్దల ముందుకు వస్తాడు. ఆ తలవంపు కోసమే జంపక్క కాచుకుంది. డబ్బా మాత్రం తెల్లారితే "అక్కా, బాగున్నావా?" అంటూనే ఉంది. దాని గొంతు వణకలేదు, బతిమాలలేదు. తిండి సహించనిది జంపక్కకే.

"సిగ్గులేనిదాన్ని వెలేసినం బిడ్డా," అన్నాడు రామన్న. "వెలి మనుషులకు. వేసి మనమే దాన్ని మనిషిని చేస్తిమి."



"అయితే వెలి తియ్యి," అంది జంపక్క.

క్షమించిందనుకున్నారు. ఆమె డబ్బాను రాట నుంచి ఊడబీకి జొన్నచేలో దిష్టిబొమ్మ మెడకు కట్టింది. మంచె మీద నుంచి ఆమె కేకేస్తే "చెప్పు అక్కా" అంటుంది, చిలకలు లేస్తాయి. అలవాటుపడ్డాక అవి లేవడం మాని డబ్బా మీదే వాలాయి. జంపక్క రాళ్లు విసిరే వడిసెల తీసింది. చిన్ననాటి నుంచీ ఆమె గురి తప్పింది లేదు.

సంతోష్ మళ్లీ వచ్చేసరికి డబ్బాకు సగం మొహం లేదు.

"ఏంది అక్కా, గిట్ల చేసినవ్? కోపముంటే నన్ను తిట్టు గానీ దాన్ని కొడతవా?"

"పిట్టను కొట్టిన సారూ." వడిసెలలో ఇంకో రాయి పెట్టింది. "దాన్నెందుకు కొడత? అదేమన్న మనిషా?"