బిగించు... వదులు!

"బిగించూ... పట్టుకో... ఆ, ఇప్పుడు వదులు!"

ఆ కేక మా వీధి చివరి ఇంటిదాకా వినపడింది. వేసింది ఎవరనుకున్నారు? నేనే! దాంతో ఎదురింటి రామాంజి పట్టు పడుగు మట్టిపాలైంది. ఎట్లంటారా? వినండి.

మా ఇంటామె నాగరత్నకు రెండేండ్లుగా నవ్వినా, దగ్గినా, బిందె ఎత్తినా మూత్రం చుక్కలు జారేవంట. నాకు కూడా చెప్పలేదు. పెండ్లికి రాననేది, బస్సెక్కననేది. నేనేమో పొగరనుకుంటి! పోయిన వారం విషయం తెలిసి, ధర్మవరం నుంచి హిందూపురం తీసుకుపోయి డాక్టరమ్మకు చూపించినా. "ఆపరేషన్ కూడా ఒక దారి" అని ఆమె అన్నదో లేదో, "చేసేయండి మేడం!" అనేసినా.

డాక్టరమ్మ కళ్ళద్దాల పైనుంచి చూసింది. "ఆపరేషన్ మీకా?"

ఆమె నాగరత్న వైపు తిరిగి నిదానంగా చెప్పింది. "లోపల జాలీ, అంటే సన్నని వల లాంటి పట్టీ పెట్టే ఆపరేషన్ ఉందమ్మా. జాలీ లేకుండా చేసేవీ ఉన్నాయి. దేని లాభం దానికుంది, దేని ఇబ్బంది దానికుంది. ఒకసారి పెట్టిన జాలీని మొత్తం తీయడం కష్టం. తొందర లేదు. ముందు మూడు నెలలు వ్యాయామం చేసి చూడండి. ఆపైన మీ ఇష్టం." అన్నీ రాసున్న కాగితం కూడా ఇచ్చింది.

తిరుగు బస్సు పెనుకొండ చేరేసరికి ఆ కాగితంలోని ప్రతి అక్షరం నేనే నమిలి మింగేసినా. టెన్త్ రెండుసార్లు రాసినోణ్ణి, వదుల్తానా! ఆ పొద్దు నుంచి వ్యాయామానికి నేనే మాస్టరు.

నిన్న పొద్దున నాగరత్న లోపల కుర్చీలో కూర్చుంది. మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించాలి, కాసేపు పట్టాలి, వదలాలి. అంతే. పక్కింటి మగ్గం చప్పుడులో వినపడదేమోనని నేను కిటికీ దగ్గర నిలబడి గొంతు పెంచినా.

బయట రామాంజి, వాళ్ళ తమ్ముడు వీధి పొడుగునా చీర నిలువు పోగుల పడుగు సాగదీస్తాండారు. కిటికీలోంచి వాళ్ళకు సలహాలిచ్చే జబ్బు నాకు రోజూ ఉండేదే. "బిగించు" అంటే లాగినారు. "వదులు" అంటే తమ్ముడు వదిలేసినాడు!

రామాంజి వాకిట్లోకొచ్చి నిలబడినాడు. "ఏమన్నా, ఎవురికి చెప్తివి వదలమని?"

ఇంటి గుట్టు ఎట్ల చెప్పేది? "నాకే అబ్బా... నడుంనొప్పికి..." అని నీళ్ళు నమిలినా.

"నీకు నువ్వే అంత గట్టిగా చెప్పుకుంటావా? చెవుడొచ్చిందా?"

అంతలో నాగరత్న బయటికొచ్చింది. "నాకు చెప్పినాడు రామాంజీ. డాక్టరు చెప్పిన వ్యాయామం. లక్ష్మిని పిలువు, చిక్కు మేం తీస్తాం."

రామాంజి భార్య లక్ష్మి వచ్చింది. పోగులు విడదీస్తా విడదీస్తా నాగరత్న తన సంగతంతా చెప్పింది. లక్ష్మి గొంతు తగ్గించింది. "అక్కా, నాకూ దగ్గితే అంతే. గర్భసంచి తీయిస్తే సరిపోతాదంట కదా?"

"నేనూ అదే అడిగితిని. దీనికి మందు అది కాదనింది డాక్టరమ్మ." కాగితం తెచ్చి నాగరత్న మొదట్నుంచి చదివి వినిపించింది. "అంటే ఏమంటే..." అని నేను లేచినా. ఇద్దరూ చూసిన చూపుకు మళ్ళా కూర్చున్నా.

"మరి నువ్వేం చేస్తావక్కా?"

"మూడు నెలలు ఇదే. తగ్గకుంటే మళ్ళా పోయి అన్నీ అడుగుతా. ఔననేదీ నేనే, కాదనేదీ నేనే."

మధ్యాహ్నానికి చిక్కు వీడింది. నాలుగు పోగులు తెగినాయి, అంతే. అందరం మా ఇంట్లోనే సంగటికి కూర్చున్నాం. నేను నోరు తెరవబోతే నాగరత్న గరిటె చూపించింది.

"ఏమయ్యా, నీకూ ఒక వ్యాయామం ఉండాది. నోరు బిగించు. పది లెక్కపెట్టు."

"వదిలేదెప్పుడే?"

"ముద్ద వచ్చినప్పుడు!"

రామాంజికి పొలమారింది. నాగరత్న కూడా నవ్వింది, మధ్యలో ఆగి బిగించింది, మళ్ళా నవ్వింది. నేనూ బుద్ధిగా నోరు బిగించుకొని లెక్కపెట్టినా. ఏడు దగ్గరే జారిపోయింది... మాట!