పద్నాలుగు దినాల మందు, ఏడు దినాల బేరం

పత్తర్‌గట్టి బజార్ల మా బాపుకు చీరల దుకాణం ఉండె. తాతల కాలం నుంచి గద్దె మీద కూసోని అమ్మినోళ్లం. ఆయన జిందగీల చెప్పిన రేటుకు ఏదీ కొనలే. ఆటో అయినా, అల్లమైనా, ఆఖరికి నా కాలేజీ ఫీజైనా సగం నుంచి షురూ చేసేటోడు. క్లర్కు ముంగట నాకు సిగ్గుతోని పానం పోయేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల ఆయనకు కడుపునొప్పి మొదలైంది. “గ్యాస్ బిడ్డా, మిర్చిబజ్జీల గ్యాస్” అని నవ్వి సోడా తాగేటోడు. మనిషేమో తగ్గుతుండు, లాల్చీ వదులైతుంది. నేనే కొట్లాడి దవాఖానకు తోలుకపోయిన. గొంతుల నుంచి పైపు ఏసి చూస్తే కడుపుల ఒక మచ్చ కనపడ్డది, దాంట్ల చిన్న ముక్క తీసి పరీక్షకు పంపిండ్రు. వారం దినాలకు డాక్టర్ మా ముగ్గుర్ని కూసోబెట్టి చెప్పిండు, కడుపు గోడల లింఫోమా ఉన్నదని, అంటే ఒక తీరు క్యాన్సర్ అని.

అమ్మ కొంగు నోట్ల కుక్కుకున్నది. డాక్టర్‌ది ఆంధ్ర దిక్కు మాట, మస్తు నిమ్మళంగ మాట్లాడుతడు.

“కంగారు పడకండమ్మా. ఈయన కడుపులో ఒక బ్యాక్టీరియా ఏళ్లుగా తిష్ట వేసుకుని ఉంది. దానితో పోరాడీ పోరాడీ ఒంట్లో కాపలా కాసే కణాలే అదుపు తప్పి పెరిగాయి. ఇంకా మొదట్లోనే ఉంది. బ్యాక్టీరియాని చంపేస్తే చాలామందికి ఇదీ కరిగిపోతుంది. కరక్కపోతే అప్పుడు రేడియేషనో, కీమోనో చూద్దాం.”

రెండు తీర్ల యాంటీబయాటిక్, ఆమ్లం తగ్గనీకి ఒక గోళి. పొద్దున, రాత్రి, పద్నాలుగు దినాలు. గంతే!

పక్క అత్తరు దుకాణం చాచా నమ్మనే లేదు, డాక్టర్ పరాచికాలాడుతుండనుకున్నడు. “క్యా సేఠ్, క్యాన్సర్ కూ గోలియాఁ? డాక్టర్ మజాక్ కర్రా క్యా?” అన్నడు.

గోళీలు ఏసుకుంటే చాయ్ గూడ ఇనుపముక్క నాకినట్టు ఉంటున్నదని బాపు రోజూ గొణిగేటోడు. వారానికి నొప్పి పోయింది. మేం సంబురపడ్డం.

రెండు నెలలకు మళ్ల పరీక్ష చేస్తే బ్యాక్టీరియా అట్లనే ఉన్నది, మచ్చ గూడ కదల్లే.

“మందులు పూర్తిగా వాడారా?” అని డాక్టర్ అడిగిండు.

“వాడిన సార్” అన్నడు బాపు, కండ్లు పక్కకు తిప్పి. ఆ చూపు నాకెర్కే. రంగుపోయే చీరను పోదని చెప్పేటప్పుడు గదే చూపు.

సీదా దుకాణంకు పోయినం. ఆయన ఏది దాచినా గద్దె పరుపు కిందనే. ఆయనను పక్కకు జరిపి అది లేపి చూసిన. కింద సగం గోళీలు షీట్లల్ల అట్లనే ఉన్నయి.

“ఏంది బాపు గిది?”

“లొల్లి చెయ్యకే. పద్నాలుగని చెప్పిండంటే ఏడన్నట్టే గద! మనం చీరకు డబుల్ చెప్పమా? చీర కొనే గిరాకి తగ్గిస్తడని ఎవలైనా పెంచే చెప్తరు. నొప్పి గూడ పాయె.”

నాకు ముక్కు మీదనే కోపం. గిరాకీలు చూస్తుండంగనే మొత్తుకున్న. “గది నీ పానం బాపు, పట్టుచీర గాదు! నువ్వు పోతే మేమేం కావాలె?” అని గద్దె మీద కూలబడి ఏడ్చిన. చాచా ఉరికొచ్చి నీళ్లిచ్చిండు. బాపు తల దించుకొని ఒక చీరను మడతపెట్టుకుంట, ఇప్పుకుంట కూసున్నడు.

డాక్టర్‌కు నిజం చెప్పినం. సగం మందుకు చావక మిగిలిన బ్యాక్టీరియా మొండిది అయితదట. మందులు మార్చి రాసిండు. “ఇదీ పద్నాలుగు రోజులే. బేరాల్లేవు” అన్నడు.

ఇగ నా రాజ్యం నడిచింది. మింగినంక నోరు తెరిచి చూపించేదాక ఎదురుంగ కూసునేదాన్ని. పొద్దుగాల దుకాణం తెరుస్తుండంగనే చాచా పక్క దుకాణంలకెల్లే “గోలీ ఖాయే సేఠ్?” అని ఒర్లేటోడు. నాలుగు దినాలకు బజారంత గదే మాట. చీరలకొచ్చిన ఆడోళ్లు గూడ ముందుగాల గోళి ముచ్చటే అడిగేది. బాపు కసురుకునేటోడు గని గోళి మాత్రం ఒక్కటి ఇడువలే.

బ్యాక్టీరియా పోయింది. మచ్చ కరిగిందా లేదా తెల్వనీకి ఇంకొన్ని నెలలు ఆగుమన్నరు. ఆ నెలలు ఎట్ల గడిచినయో మాకే తెలుసు. ఆఖరుకు పైపు ఏసి చూసి, ముక్కలు పరీక్ష చేసి మమ్మల్ని పిలిచిండ్రు. అమ్మ నా చెయ్యి ఇడుస్తలేదు.

“మచ్చ పోయింది. ముక్కల్లో కూడా లింఫోమా ఎక్కడా కనపడలేదు” అని డాక్టర్ నవ్విండు. “అయితే మళ్లీ రాదని చెప్పలేం. ఆరు నెలలకోసారి వచ్చి పైపు వేయించుకోవాలి.”

బాపు గడ్డం గోక్కున్నడు. బేరం షురూ చేసే ముందుగాల గట్లనే గోక్కుంటడు. ఏడాదికోసారి అంటడేమోనని నేను ఆయన మోచెయ్యి గిల్లనీకి తయారుగ ఉన్న.

“ఆరు నెలలు గాదు సార్” అన్నడు. “మూడు నెలలకోసారి వస్త. నాకింక బతకబుద్దయితున్నది.”