మా చెల్లెలి మొగుడు కిన్యా

తెరాదా కిన్యా అంటే నాకు ఒళ్లు మంట. మా చెల్లెలు నుయితో పదకొండేళ్లు కాపురం చేసినవాడు. కోటలో బాణాల కొట్టుకి కాపలా. జీతం కింద ఇచ్చే బియ్యం చాలక, కత్తి పట్టిన చేతులతోనే ఇంట్లో గొడుగులు కట్టేవాడు. వాడు వెదురు చీలిస్తే నుయి కాగితం అంటించేది. పొద్దస్తమానం ఎదురెదురుగా కూర్చున్నా పలకరింపు ఉండేది కాదు. పెళ్లాంతో నవ్వుతూ మాట్లాడితే సమురాయ్ పరువు పోతుందని వాళ్ల నాన్న నేర్పాడట. ఒక చలికాలం అది దగ్గి దగ్గి సొమ్మసిల్లబోతుంటే, జిగురు ఆరిపోతోందన్నాడు. ఆ మాట నా చెవులతో నేను విన్నాను.

నుయి పోయింది. పిల్లలు లేరు. శవం ఇంట్లో ఉండగానే, కొట్టు అధికారి కుసాకా తన రెండో కూతుర్నిస్తానని, పెద్ద ఉద్యోగం వేయిస్తానని కబురు పెట్టాడు. వారసుడు లేకపోతే తెరాదా ఇంటి పేరు వీడితోనే తుడిచిపెట్టుకుపోతుంది. కాదనే మగాడు మా ఊళ్లో లేడు.

మా వైపు మళ్లీ పెళ్లి చేసుకునేవాడు పెళ్లాం శవం వెంట వెళ్లడు, వాకిట్లోనే ఆగిపోతాడు. కర్ర పట్టుకుని సమాధి దాకా నడిచాడంటే, ఇక జన్మలో పెళ్లాడనని నలుగురి ముందూ ఒట్టు పెట్టినట్టే. వీడు ఆగిపోతాడనే అనుకున్నాను. ఆగితే మొహాన ఉమ్మేయాలని సిద్ధంగా ఉన్నాను కూడా.

శవపేటిక లేచింది. కిన్యా గొడుగుల కోసం తెచ్చిన వెదుళ్లలోంచి ఒకటి తీసుకుని గడ్డి చెప్పులు తొడుక్కున్నాడు. కుసాకా పంపిన మనిషి అడ్డం వచ్చాడు.

"తెరాదా గారూ, మర్చిపోయినట్టున్నారు. మీరు ఇక్కడే ఉండాలి."

"మర్చిపోలేదు. తప్పుకోండి."

కొండ మీది గుడి పక్క శ్మశానం దాకా నడిచాడు. ఏడవలేదు. మట్టి పోయడం అయ్యాక ఇక నేను పట్టలేకపోయాను.

"ఇంత ప్రేమ ఉన్నవాడివి, దానికి ఒక్కసారైనా చెప్పావా బావా?"

"లేదు. తనకి తెలుసనుకున్నా."

"తెలీదు. మొన్న మా ఇంటికొచ్చి ఏమందో తెలుసా? నేను పోతే ఆయనకి మంచి పిల్లని చూడు అన్నయ్యా, నేనెలాగూ ఆయనకి నచ్చలేదు, అంది."

చెప్పకుండా ఉండొచ్చు. గుండెలో దిగాలనే చెప్పాను. కిన్యా ఆ పచ్చి మట్టి మీదే మోకాళ్లపై కూలబడ్డాడు. నేను లేపలేదు.